బీరువా కింద గచ్చు

నా భార్య పడిపోయింది గచ్చు వల్ల. ఆ గచ్చు పోసింది నేను.

ముందుగదిలో మొజాయిక్ మీద ఒక చీలిక వచ్చింది. మొదట వెంట్రుకంత ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి ఒక అంచు లేచి, ఇంకో అంచు దిగి, కాలి బొటనవేలు తట్టుకునేంత అయింది. ఆమె రెండుసార్లు తట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. మూడోసారి నీళ్ళ బిందెతో సహా పడింది. మోకాలు వాచిపోయింది. వారం రోజులు గోడ పట్టుకుని నడిచింది. ఎనిమిదో రోజున కుట్టుమిషను సొరుగులోంచి ఒక గుడ్డసంచి తీసి నా ముందు పెట్టింది.

"పదకొండేళ్ళు కుట్టిన డబ్బు ఇది. గచ్చు మార్పిద్దాం. టైల్స్ వేయిద్దాం," అంది.

"ఊఁ," అన్నాను.

"రేపు బావని పిలుస్తాను. వచ్చి చూస్తాడు."

ఈసారి నేను ఊఁ అనలేదు.

"ఏమయ్యా, ఆ ఒక్క మాట కూడా అరిగిపోయిందా?"

"టైల్స్ వేసేవాళ్ళు ఇంకెవరూ లేరా?"

"బోలెడుమంది ఉన్నారు. బావలా వేసేవాళ్ళు లేరు."

బావంటే ఆమె మేనత్త కొడుకు. అతనూ నేనూ ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. అతను అప్పట్లోనే గచ్చు ఎత్తుపల్లాలు చూసే రసమట్టం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. తినే పళ్ళెం కింద కూడా పెట్టి చూసుకుంటాడని మా మేస్త్రి ఎగతాళి చేసేవాడు. అలా రసమట్టం అనే పేరు వచ్చింది. నాకు ఊఁ మేస్త్రి అని వచ్చింది. మా మామగారు కూతుర్ని ఎవరికివ్వాలా అని ఆలోచించిన రోజుల్లో నా చేతిలో పని ఎక్కువగా ఉండేది. అందుకని నాకిచ్చాడు. ఆమె మనసులో ఏముందో నేను అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ అడగలేదు. ఆమె "బావా" అని పిలిచిన ప్రతిసారీ నా లోపల ఏదో గీరుకుంటుంది, తాపీతో గాజు మీద గీసినట్టు.

టైల్స్ వచ్చిన కొత్తలో రసమట్టం మూడు నెలల్లో ఆ పని పట్టేశాడు. నేను పట్టలేదు. అంగట్లో కొనుక్కొచ్చి అతికించేది గచ్చెలా అవుతుందని మొండికేశాను. గచ్చంటే తెల్ల సిమెంటు, పాలరాతి చిప్స్, గాజు పట్టీలు, వారం రోజుల పాలిష్. అతను మేడ కట్టాడు. నా పాలిష్ మిషను పాత ఇనుముకు పోయింది.

మా మేస్త్రి మాకు ఒక కట్టుబాటు నేర్పాడు. ఒకడు పోసిన గచ్చును, పోసినవాడు ఎదురుగా ఉండగా రెండోవాడు తట్టి చూడకూడదు. "డొల్ల ఉందా?" అని నోటితో అడగాలి. పోసినవాడు ఏం చెబితే అదే ఖాయం. తట్టావంటే అతని మొహాన ఉమ్మినట్టే అనేవాడు.

నేను ఆ కట్టుబాటు తప్పాను. నిరుడు రసమట్టం మేడ చూడటానికి వెళ్ళాం. నా భార్య చెప్పులు విప్పి హాలంతా కలియతిరిగింది. "అద్దం పరిచినట్టుంది బావా!" అంది. జేబులోంచి రూపాయి బిళ్ళ జారవిడిచి, వెతుకుతున్నట్టు వంగి, ఆ బిళ్ళతో ఒక్కో టైలూ తట్టుకుంటూ గది ఈ మూల నుంచి ఆ మూలకు పాకాను. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. డొల్ల ఉన్నచోట డబ్‌మంటుంది.

"ఏం పోయింది అన్నా?" అన్నాడు రసమట్టం. వయసులో నేను రెండేళ్ళు పెద్ద, అన్నా అనే పిలుస్తాడు.

"రూపాయి."

"లే అన్నా, నడుం పట్టుకుంటుంది. రెండు రూపాయలిస్తాను."

అందరూ నవ్వారు. ఒక్కచోటైనా డబ్‌మంటే ఆ నవ్వు నాకు నొప్పి అనిపించేది కాదు. ఒక్కచోట కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే రసమట్టం వచ్చాడు. చొక్కా జేబులో అదే రసమట్టం. నా భార్య కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, మోకాలు చూపించింది. అతను గదిలోకి వచ్చి చీలిక దగ్గర గొంతుక్కూచున్నాడు. కళ్ళతో దాని వెంట వెళ్ళాడు. గడప దగ్గర మొదలై, గది మధ్యగా సాగి, కిటికీ పక్క మూలలో బీరువా కిందికి పోయి కనపడకుండా పోతుంది అది.

"చూడు చెల్లాయ్," అన్నాడు ఆమెతో. మరదల్ని చెల్లాయ్ అని పిలవడమేమిటని నేను ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. నా ఎదుటైతే చెల్లాయ్ అంటాడు. నేను లేనప్పుడు ఏమంటాడో తెలియదు. "రెండు దార్లున్నాయి. పాత గచ్చు మొత్తం పగలగొట్టి, చెత్త ఎత్తించి, కింద మళ్ళీ కాంక్రీటు పోసి వెయ్యడం ఒకటి. నీ డబ్బు సగం ఆ పగలగొట్టడానికే పోతుంది. మిగతా సగంతో వచ్చేవి చవక టైల్స్. ఏడాదికే గీతలు పడతాయి. రెండోది, పాత గచ్చు మీదే గమ్ముతో అతికించడం. చీలిక పూడ్చేస్తే చాలు. అప్పుడు రెండు గదులకూ మంచి సరుకే వస్తుంది."

"రెండోదే బాగుంది కదా!"

"బాగుంటుంది. కింద గచ్చు గట్టిగా ఉంటే. డొల్ల ఉంటే పైన ఏం వేసినా పగులుతుంది." అప్పుడు నా వైపు తిరిగాడు. చేతిలో సుత్తి ఉంది. తట్టలేదు. "అన్నా, డొల్ల ఉందా?"

ఉంది. బీరువా కింద ఉంది. ముప్పై ఆరేళ్ళుగా ఉంది. ఈ ఇల్లు కట్టేటప్పుడు ఆ మూలన సున్నం నానబెట్టిన గుంట ఉండేది. దాన్ని మట్టితో పూడ్చి, గట్టిపడేలా దిమ్మిసతో కొడుతుండగా కబురొచ్చింది, సినిమా హాలు గచ్చు పని మా మేస్త్రి రసమట్టానికి ఇచ్చాడని. దిమ్మిస అక్కడే పారేసి మేస్త్రి దగ్గరకు పరుగెత్తాను. "వాడికి మట్టం తెలుసు" అన్నాడు ఆయన. ఆ ఒక్క మాట మోసుకుంటూ తిరిగొచ్చి, వదులు మట్టి మీదే గచ్చు పోసేశాను. పాలిష్ పెట్టాక గానీ డొల్ల చప్పుడు వినలేదు. విన్న రోజే బీరువా తెచ్చి ఆ మూలన పెట్టాను. బరువు డొల్ల మీద పడకుండా కింద రెండు పొడుగు చెక్కలు అడ్డంగా వేశాను.

"లేదు," అన్నాను.

రసమట్టం నా మొహం వంక కాసేపు చూశాడు. సుత్తి సంచిలో పెట్టేసుకున్నాడు. "అయితే రెండో దారే," అన్నాడు.

అతను వెళ్ళాక నాకు ఇంకొకటి తట్టింది. అబద్ధం ఆడినప్పుడు నా పరువు కోసమే ఆడాను. తర్వాత తట్టింది దానికంటే నీచమైనది. అతను టైల్స్ వేస్తాడు. బీరువా మళ్ళీ ఆ మూలకే వస్తుంది. ఈసారి చెక్కలు పెట్టను. నాలుగు నెలలు కూడా పట్టదు, ఆ మూలలో టైలు ఫెళ్ళున పగులుతుంది. పగిలింది రసమట్టం వేసిన టైలు. ఆమె వంగి చూస్తుంది. "అయ్యో, బావ పని కూడా ఇంతేనా" అంటుంది. ఆ మాట వినాలని నాకు నోరూరింది. మాట్లాడనివాడికి ఇదొక సుఖం. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

ముగ్గురం టైల్స్ అంగడికి వెళ్ళాం. అంగడాయన చెవి మీద కలం పెట్టుకుని, నవ్వు పులుముకుని వచ్చాడు. నా భార్య తళతళలాడే ఒకదాని ముందు నిలబడిపోయింది.

"ఇది ఎంత బాగుందో!"

"నీళ్ళు పొయ్యవయ్యా దాని మీద," అన్నాడు రసమట్టం.

అంగడాయన ఒక గ్లాసు నీళ్ళు పోశాడు.

"చెప్పులు విప్పి కాలు పెట్టి చూడు."

ఆమె పెట్టింది. సర్రున జారింది. రసమట్టం మోచెయ్యి అందించాడు, పట్టుకుని నిలబడింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా చెయ్యి కూడా లేచింది. లేచేసరికే ఆ పని అయిపోయింది. దించుకున్నాను.

"అద్దాలు చూసుకోవడానికి బాగుంటాయి, నడవటానికి కాదు. నీకు గరుకువి కావాలి," అన్నాడు.

అంగడాయన ఒక మూలకు తీసుకెళ్ళి మిగిలిపోయిన సరుకు చూపించాడు. లేత గోధుమరంగు, కాలికి పట్టు ఉంది, ధర దాదాపు సగం. "కొద్దిగా మిగిలిందమ్మా, మీ రెండు గదులకు పోను ఒకటి రెండు పెట్టెలే ఉంటాయి. వేరే వాళ్ళడిగితే ఇచ్చేస్తాను." ఆమె మొహం వెలిగింది. రసమట్టం పెట్టె విప్పించాడు. రెండు టైల్స్ తీసి మొహం మొహం ఆనించి వెలుతురుకు ఎత్తాడు. మధ్యలోంచి సన్నగా వెలుగు కనపడితే ఆ టైలు వంకర. అలా ఒక్కో జత ఎత్తి చూస్తున్నాడు. వంకరవి పక్కన పెట్టి వేరేవి ఇమ్మంటున్నాడు. గంట పట్టింది.

అంగడాయనకు చెమట పట్టింది. నా భార్యతో అన్నాడు: "మీ ఆయన మహా గట్టివారమ్మా. ఒక్కటి వదలట్లేదు!"

ఆమె పడీపడీ నవ్వింది. "ఈయన మా బావ. మా ఆయన అదిగో, ఆ కమోడ్ల దగ్గర నిలబడ్డాయన."

అంగడాయన నన్ను చూసి దణ్ణం పెట్టాడు. రసమట్టం కూడా నవ్వాడు. నేను కమోడ్ మూత ఎత్తి, చూసి, మళ్ళీ దించాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. అప్పటిదాకా అబద్ధం గురించి లోపల ఎక్కడో మిగిలిన బెరుకు ఆ మూతతోపాటే మూసుకుపోయింది. పగలనీ అనుకున్నాను.

టైల్స్ పెట్టెలు వచ్చాయి. పని రోజు రసమట్టం తనతో గమ్ము కలిపే మనిషిని తెచ్చుకున్నాడు. నలభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. ముగ్గురం కలిసి బీరువా జరిపాం. కింద చెక్కలు చూసి రసమట్టం ఏమీ అనలేదు. చీలిక ఆ మూల దాకా వెళ్ళి, అక్కడ మూడు పాయలుగా విడిపోయి ఉంది.

గమ్ము మనిషి సుత్తి తిరగేసి పట్టుకుని మూల వైపు వెళ్ళాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు రసమట్టం.

"తట్టి చూద్దామని మేస్త్రీ. ఇక్కడ చూడండి, ఎలా చీలిందో."

"తట్టకు."

"డొల్ల ఉంటే మన పని..."

"ఈ గచ్చు పోసినాయన నీ వెనకాలే ఉన్నాడు. లేదని చెప్పాడు. మా మేస్త్రి దగ్గర నాకంటే ముందు తాపీ పట్టిన మనిషి. ఆయన మాట మీద తట్టేంత మొనగాడివి కాలేదు నువ్వు. గమ్ము కలుపు."

ఆ మనిషి గమ్ము కలపడానికి వెళ్ళాడు. నా చెవులు కాలిపోయాయి. పొగిడినందుకు కాదు. నేను అతని హాల్లో పాకాను, అతను నా గదిలో నిలబడి, నేను తప్పిన కట్టుబాటు నిలబెడుతున్నాడు. అది కూడా నాకంటే బాగా చేస్తున్నాడు.

అప్పుడు నా భార్య వచ్చింది. బీరువా లేని గోడ చూసి ఆగిపోయింది. ఆ గోడకు రెండు రెక్కల కిటికీ ఉంది. ముప్పై ఆరేళ్ళుగా ఒక రెక్కే తెరుచుకునేది. రెండో దానికి బీరువా అడ్డం. ఆమె వెళ్ళి గడియ లాగింది. రాలేదు. చీరకొంగు చుట్టి లాగింది. కిర్రుమని తెరుచుకుంది. గదిలో నేనెప్పుడూ చూడనంత వెలుతురు పడింది.

"బీరువా మళ్ళీ ఇక్కడికొస్తే ఊరుకోను," అంది. "బావా, బీరువా లోపలి గదిలోకి. ఇక్కడ నా మిషను. చీకట్లో సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్ళు పోయాయి. ఎన్నిసార్లు మొత్తుకున్నానో ఈయనతో! బీరువా జరిపితే ఇల్లు కూలిపోతుందన్నట్టు ఊఁ, ఊఁ అనేవాడు."

పీట తెచ్చి ఆ మూలన వేసుకుని కూర్చుంది. లేని మిషను తొక్కుతున్నట్టు కాలు ఆడించింది. మడమ తగిలినప్పుడల్లా కింద డబ్, డబ్ అంది. ఎవరూ పట్టించుకోలేదు. నేను విన్నాను.

నేను ఎంతసేపూ పగిలేది రసమట్టం టైలే అనుకున్నాను. దాని మీద ఆమె కాలు ఉంటుందని అనుకోలేదు. రోజుకు ఆరేసి గంటలు తొక్కే కాలు. వాచిన మోకాలున్న కాలు.

"లే," అన్నాను.

"ఎందుకు?"

"లేవవే!"

నేను గొంతెత్తడం ఆమె ఎన్నడూ వినలేదు. లేచింది. పీట పక్కకు తోశాను. గమ్ము మనిషి దగ్గరున్న పెద్ద సుత్తి తీసుకుని మూలన ఒక్కటేశాను. రెండోదానికి గచ్చు కుంగింది. మూడోదానికి నాలుగు పలకలై లోపలికి పడింది. కింద జానెడు ఖాళీ. దాని అడుగున మట్టి, పొడిగా, నేను ఎలా వదిలానో అలాగే.

సుత్తి కింద పెట్టాను.

"ఉంది," అన్నాను రసమట్టంతో. "నువ్వడిగినప్పుడు లేదన్నాను. ఉంది. సినిమా హాలు నీకిచ్చాడని తెలిసి దిమ్మిస పారేసి పోయాను. మట్టి గట్టిపడకుండానే గచ్చు పోశాను. తెలుసు నాకు. నీ టైలు పగిలితే చూద్దామనుకున్నాను."

నా జన్మలో ఒక్కసారే అన్ని మాటలు ఆడాను.

రసమట్టం గుంటలోకి వంగి చూశాడు. "చీలిక ఎటుపోయిందో నాకు మొదటిరోజే కనపడింది అన్నా," అన్నాడు.

"మరెందుకు వెయ్యడానికి ఒప్పుకున్నావ్?"

"నువ్వు లేదన్నావు కదా. మేస్త్రి మాట తప్పమంటావా? పని మొదలుపెట్టే లోపల నువ్వే చెబుతావనుకున్నాను."

"చెప్పకపోతే?"

"పగిలేది. నా పేరు పోయేది. మళ్ళీ వచ్చి వేసేవాణ్ణి."

అతను తిట్టినా బాగుండేది. అంత మంచితనం ఎదుట నిలబడటం కంటే ఆ గుంటలో దిగి కూర్చోవడం నయమనిపించింది. అసూయ పోతుందనుకున్నాను, నిజం చెప్పాక. పోలేదు. ఇంకో పిడికెడు పెరిగింది.

నా భార్య గుంట వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తోంది.

"ఇందుకా?" అంది. "డొల్ల కనపడకూడదని ముప్పై ఆరేళ్ళు నా కిటికీ మూశావా? గచ్చులో డొల్ల ఉందంటే నేనేమైనా వదిలేసి పోయేదాన్నా? నాకు గచ్చు సంగతి ఏం తెలుసయ్యా! నాకు తెలిసింది వెలుతురు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత అంది, "మూగవాడితో కాపురం చేసినా సైగలైనా చేసేవాడు."

రసమట్టం నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. గమ్ము మనిషి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇక లెక్క మారిపోయింది. ముందుగదిలో సగం గచ్చు పగలగొట్టాలి. గుంట పూడ్చి, దిమ్మిసతో కొట్టి, కాంక్రీటు పోసి, వారం తడపాలి. సంచిలో డబ్బు దానికి కొంత పోతుంది. రెండు గదులకూ టైల్స్ కుదరవు. రసమట్టం లోపలి గది పెట్టెలు అంగడికి తిప్పి పంపే మాట ఎత్తాడు. చవకవి చూద్దామా అన్నాడు. ఆమె పెట్టెలు పంపెయ్యమంది, చవకవి మాత్రం వద్దంది.

"ముందుగదికి ఇవే వెయ్యి. లోపలి గది గచ్చు గట్టిదేనా?" అని నన్ను అడిగింది.

"గట్టిదే."

"బావా, తట్టి చూడు."

రసమట్టం నా వంక చూశాడు. "తట్టు," అన్నాను. తట్టాడు. గదంతా టంగుమంది.

"అది అలాగే ఉండనివ్వండి. రుద్దితే మెరవదూ?" అంది ఆమె.

గుంట నేనే పూడ్చాను. పొర పొరకూ నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టాను. నడుం విరిగింది. అయినా రసమట్టాన్ని దిమ్మిస ముట్టుకోనివ్వలేదు. వారం తర్వాత అతను టైల్స్ వేశాడు. ఒక్క అంచు లేవలేదు, ఒక్క గీత వంకర పోలేదు. ఆ మూలన మిషను పెట్టింది. పక్కింటావిడ వస్తే కిటికీ చూపించి, "మా బావ వచ్చాకే ఇది తెరుచుకుంది," అని చెప్పింది. నేను అరుగు మీద కూర్చుని విన్నాను. తెరిచింది ఆమె, అడ్డం తీసింది ముగ్గురం, పేరు అతనికి.

చివరి రోజు లోపలి గది. పాలిష్ మిషన్లు ఎవరి దగ్గరా లేవు. రసమట్టం సంచిలోంచి ఒక పాలిష్ రాయి తీశాడు. నల్లది, అరిగి అరచేతికి సరిపోయేంత అయింది. చూడగానే గుర్తుపట్టాను. అది మా మేస్త్రిది. పోయేముందు ఆయన దాన్ని ఎవరికిచ్చాడో నాకు అప్పటిదాకా తెలియదు.

"నేను ఈ గది కిటికీ వైపు నుంచి వస్తాను. సగానికి వచ్చాక నువ్వు తీసుకుని గోడ వైపు చెయ్యి అన్నా," అన్నాడు.

మధ్యాహ్నానికి అతని సగం అయింది. సాయంత్రానికి నా సగం అయింది. నీళ్ళు పోసి కడిగాం. పాలరాతి చిప్స్ తెల్లగా, ఎర్రగా పైకి తేలాయి. నా భార్య గుమ్మంలో నిలబడింది. జీవితంలో ఆమె మనసులో మాట నేను ఎన్నడూ అడగలేదు. ఆ రోజు అడిగాను.

"ఏ సగం బాగుంది?"

ఆమె చాలాసేపు చూసింది. నా మొహం చూసింది. అబద్ధం చెప్పాలా అని ఆలోచించింది, నాకు తెలుస్తూనే ఉంది.

"కిటికీ వైపుది," అంది.

రసమట్టం సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. రాయి నా చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు ఆమె ముందుగదిలో మిషను ముందు కూర్చుంది. కింద గట్టిగా ఉంది, చప్పుడు లేదు. నేను లోపలి గదిలో గోడ వైపు నీళ్ళు చల్లి మళ్ళీ మొదలుపెట్టాను.

నెల దాటింది. రాయి ఇమ్మని అతను అడగలేదు. నేనూ ఇవ్వలేదు. నా సగం ఇంకా కాలేదు.